సీజన్ పనులు రెజ్యూమెలో పెట్టాలా, దాచెయ్యాలా? (తిరుపతి, అకౌంట్స్ ఉద్యోగం కోసం)

బీకామ్_కొర్లగుంట:

నమస్తే అందరికీ. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. 2023లో బీకామ్ కంప్యూటర్స్ అయిపోయింది, తిరుపతిలో అక్కావాళ్ళింట్లో ఉంటున్నా. ఖాళీగా అయితే ఎప్పుడూ కూర్చోలేదు గానీ, ఇంట్లోవాళ్ళు నలుగురిలో చెప్పుకునే ఉద్యోగం అంటూ ఒక్కటీ లేదు. మొదట బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్, బ్రహ్మోత్సవాల ముందు తీసుకుని సంక్రాంతి దాటాక రద్దీ లేదని ఆపేశారు. తర్వాత ఆన్‌లైన్ పరీక్షలు జరిగే కాలేజీల్లో ఇన్విజిలేటర్, షిఫ్టుకి ఇంత అని ఇస్తారు, పిలిచినప్పుడు పోవడమే. 2025 మామిడి సీజన్‌లో చిత్తూరు దగ్గర ఒక పల్ప్ ఫ్యాక్టరీలో, వేబ్రిడ్జి దగ్గర ఎంట్రీ పని. కాంట్రాక్టర్ కింద. ఆ ఏడు తోతాపురి విపరీతంగా కాసి ధర పడిపోయింది, కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తాయన్నారు గుర్తుందా, ఆ గొడవ మధ్యలో చేశాను. గేటు బయట ట్రాక్టర్ల లైను, లోపల నేను. లోడుతో తూకం, ఖాళీ బండి తూకం, రైతు పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా, ఒక్క అంకె తప్పుపోతే ఆయన డబ్బు ఇంకెక్కడికో పోతుందని రాత్రి ఇంటికొచ్చాక కూడా టెన్షన్.

ఇప్పుడు అకౌంట్స్ అసిస్టెంట్ పనికి అప్లై చేస్తున్నా. మా మామయ్య ఏమంటాడంటే, ఈ చిల్లర పనులన్నీ రాస్తే నిలకడ లేని పిల్ల అనుకుంటారు, తెలిసినాయన ఒకాయన ఉన్నాడు, రెండేళ్ళు ఒకే చోట చేసినట్టు ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తాను అని. నాకు మనసు ఒప్పడం లేదు, కానీ ఫ్రెండ్స్‌లో ఇద్దరు ముగ్గురు అలా తెచ్చుకున్నవాళ్ళే, ఏమీ కాలేదు కూడా.

ఇంకోటి, లింక్డ్‌ఇన్ తెరిచాను గానీ అందులో ఏమీ లేదు. ఇన్‌స్టాలో మాత్రం డాన్స్ రీల్స్ ఉన్నాయి, అసభ్యంగా ఏమీ ఉండవు, కాలేజీ ఫెస్ట్‌వి. తీసేయమని అక్క పోరు. నిజంగా కంపెనీలవాళ్ళు ఇవన్నీ చూస్తారా?

రేణిగుంట_స్టాఫింగ్:

చెల్లీ, ముందు ఆ లెటర్ సంగతి తేల్చుకో, మిగతావి తర్వాత. నేను రేణిగుంట, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీలకి మనుషుల్ని పంపే చోట పని చేస్తాను, కాగితాలు చూసే పని నాదే. లెటర్‌హెడ్ ఎవడైనా ప్రింట్ చేసుకుంటాడు, దాన్ని నమ్మే రోజులు పోయాయి. ఇప్పుడు కాస్త పద్ధతైన కంపెనీ ఏదైనా పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతుంది. అందులో నువ్వు ఎక్కడ ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానావో ఉంటుంది, పాస్‌బుక్ తెరిస్తే ఏ నెల ఎంత జమ అయిందో కూడా కనపడుతుంది. మీ మామయ్య తెచ్చే లెటర్‌లో 2025 జూన్‌లో తిరుపతిలో ఏదో ట్రేడర్స్‌లో ఉన్నట్టు రాసి ఉంటుంది, పీఎఫ్‌లో అదే జూన్‌లో చిత్తూరు కాంట్రాక్టర్ పేరు ఉంటుంది. అప్పుడేం చెప్తావు? ఫ్రెండ్స్‌కి ఏమీ కాలేదంటే ఇంకా ఎవరూ చూడలేదని అర్థం.

కాబట్టి రాయి, అన్నీ రాయి. కాకపోతే రాసే తీరు ఉంటుంది. 'డేటా ఎంట్రీ ఆపరేటర్' అని ఒక్క ముక్క రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. నువ్విక్కడ మాకు చెప్పినట్టే రాయి: లోడు, ఖాళీ తూకాలు ఎక్కించి నికర బరువు తేల్చడం, రైతుల ఖాతా వివరాలు సరిచూడటం, సాయంత్రం చీటీలకీ రిజిస్టర్‌కీ లెక్క కలపడం చేసి ఉంటే అదీ. అకౌంట్స్‌కి తీసుకునేవాడికి కావలసింది అదే కదా. 'సీజనల్' అన్న మాట పక్కనే పెట్టు, అప్పుడు మూడు నెలలకే ఎందుకు మానేశావని ఎవరూ అడగరు, మామిడి కాయ అయిపోయాక ఫ్యాక్టరీలో ఏముంటుంది చెప్పు.

ఇక్కడ చాలామంది దెబ్బతినేది ఒకటుంది. కాంట్రాక్టర్ కింద చేస్తే పీఎఫ్‌లో ఫ్యాక్టరీ పేరు రాదు, కాంట్రాక్టర్ పేరు వస్తుంది. రెజ్యూమెలో ఫ్యాక్టరీ పేరు ఒక్కటే రాస్తే చెక్ చేసేవాళ్ళకి తేడా కొడుతుంది. ఫలానా కాంట్రాక్టర్ ద్వారా ఫలానా ఫ్యాక్టరీలో అని రెండూ రాయి. కొత్త చోట చేరినప్పుడు పాత యూఏఎన్ నంబరే ఇవ్వు, అంటే మనిషికి ఒక్కటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు, పన్నెండు అంకెలది, తెలీక కొత్తది చేయించుకుంటే తర్వాత రెండూ కలపడానికి చుక్కలు కనపడతాయి. అన్నట్టు సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉందా? మన దగ్గర సగం మందికి ఇదే రోగం. ఉంటే ఇప్పుడే సరిచేయించుకో, ఉద్యోగం వచ్చాక పరుగెత్తకుండా.

చిత్తూరు_లెడ్జర్:

పైన అన్న చెప్పింది కంపెనీలకి సరే. కానీ నువ్వు వెతికేది అకౌంట్స్ పని, తిరుపతిలో, చిత్తూరులో ఆ పని ఎక్కువగా ఉండేది ఆడిటర్ ఆఫీసుల్లో, హోల్‌సేల్ షాపుల్లో, లాడ్జీల్లో. వాళ్ళెవరూ లింక్డ్‌ఇన్ చూడరమ్మా. నేను ఆడిటర్ ఆఫీసులోనే చాలా ఏళ్ళుగా ఉన్నా, మాకు మనిషి కావాలంటే ఉన్నవాళ్ళనే 'మీ ఎరుకలో ఎవరైనా ఉన్నారా' అని అడుగుతారు, అంతే.

అయితే మాకూ సీజన్ ఉంది, అది పట్టుకో. ఇన్‌కంటాక్స్ రిటర్నుల గడువులు సాధారణంగా జూలై ఆఖరు నుంచి మొదలవుతాయి, టాక్స్ ఆడిట్‌కి సెప్టెంబర్ ఆఖరు. జూన్ వచ్చిందంటే బిల్లుల సంచులతో షాపులవాళ్ళు దిగుతారు, మాకు చేతులు చాలవు, తాత్కాలికంగా మనుషుల్ని తీసుకుంటారు. జీతం చెప్పుకోదగ్గది కాదు, ముందే చెప్తున్నా. కానీ ఆ మూడు నాలుగు నెలల్లో పని వచ్చినవాళ్ళని అక్టోబర్‌లో పొమ్మనరు. మా ఆఫీసులో ఇప్పుడున్నవాళ్ళలో సగం మంది అలా వచ్చినవాళ్ళే.

టాలీ, అదే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్, వచ్చు అని అందరూ రాస్తారు. ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ చూసి మేం నవ్వుకుంటాం, ఏమనుకోకు. నెలలో జీఎస్టీ ఎలా నడుస్తుందో తెలిసిన పిల్ల వస్తే మాత్రం వెంటనే కుర్చీ వేస్తాం. 11వ తేదీ లోపు జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల బిల్లుల రిటర్ను, వెయ్యాలి, 14న 2బి వస్తుంది, అంటే మనకి సరుకు అమ్మినవాళ్ళు ఎక్కించిన బిల్లుల లిస్టు, దాన్ని షాపు కొనుగోలు బిల్లులతో కలిపి చూసుకోవాలి, 20వ తేదీకి 3బి, అంటే పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను. ఆ మధ్యలో ఆరు రోజులే మా అసలు ప్రాణసంకటం. సరుకు అమ్మినవాడు బిల్లు ఎక్కించకపోతే 2బిలో రాదు, అక్కడ షాపువాళ్ళకి కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గించుకునే క్రెడిట్ పోతుంది, షాపాయన మన మీద అరుస్తాడు. ఎక్సెల్‌లో రెండు లిస్టులు పక్కపక్కన పెట్టి ఏ బిల్లు ఎక్కడ తప్పిందో పట్టుకోవడం నేర్చుకో. తూకం చీటీలు కలిపిన దానివి, నీకు అదేం పెద్ద కష్టం కాదు.

ఆన్‌లైన్ విషయం అడిగావు కదా. మా ఆడిటర్ గారు ఇన్‌స్టా చూడరు, వాట్సాప్ స్టేటస్ చూస్తారు. మా దగ్గర ఒక కుర్రాడు రాత్రి దాకా పని చేస్తున్నానని సెల్ఫీ తీసి స్టేటస్ పెట్టాడు, వెనక స్క్రీన్ మీద ఒక నగల షాపు లెడ్జర్, అంకెలతో సహా. ఆ షాపాయన దగ్గరా కుర్రాడి నంబరుంది. తెల్లారేసరికి కుర్రాడి పని అయిపోయింది. డాన్స్ చేస్తే ఎవరికేం బాధ, ఊరివాళ్ళ లెక్కలు బయట పెట్టకపోతే చాలు.

రిమోట్_రాయలసీమ:

లెడ్జర్ అన్నతో సగమే ఒప్పుకుంటా. నేనూ తిరుపతే, కానీ బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచి బిల్లింగ్ పని చేస్తున్నా, నౌకరీ అనే జాబ్ సైట్ ద్వారానే వచ్చింది. ఊళ్ళో ఎవరి ఎరుకా లేనివాళ్ళకి ఆన్‌లైనే దిక్కు. పైగా ఆడిటర్ ఆఫీసులో నాలుగు నెలలు చాకిరీ చేయించుకుని చివర్లో 'చూద్దాం' అనేవాళ్ళు కూడా ఉన్నారు, అదీ చెప్పండి.

అక్కా, లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం కావాలని ఫోటో చుట్టూ కనపడే ఆ పచ్చ రింగ్ పెట్టాల్సిన పని లేదు, ఉద్యోగం చూస్తున్నట్టు రిక్రూటర్లకు మాత్రమే కనపడేలా సెట్టింగ్ ఉంది, అది పెట్టుకో. ఫోటో పెళ్ళిలో దిగింది కత్తిరించి పెట్టకు, పక్కనోళ్ళ భుజం కనపడుతూ ఉంటుంది. రెజ్యూమెలో, నౌకరీలో, లింక్డ్‌ఇన్‌లో తేదీలు ఒకేలా ఉండాలి. నౌకరీలో అప్పుడప్పుడు ఏదో ఒకటి అప్‌డేట్ చేస్తూ ఉండు, పాతబడిన ప్రొఫైల్ కిందికి పోతుంది. మెయిల్ ఐడీ ఇంటర్‌లో పెట్టుకున్నదే అయితే కొత్తది తెరువు, ఫలానా హీరో డై హార్డ్ ఫ్యాన్ అని మెయిల్ వస్తే అవతలివాళ్ళు తెరుస్తారా?

రీల్స్ తీసెయ్యకు. కావాలంటే అకౌంట్ ప్రైవేట్‌లో పెట్టు. నిజంగా చూసుకోవాల్సింది కామెంట్లు. మన వాళ్ళు వీడియోలు పద్ధతిగానే పెడతారు, కింద పార్టీల గొడవలో, కులాల గొడవలో, ఫ్యాన్ వార్‌లో అమ్మనా బూతులు రాసి మర్చిపోతారు. లాగిన్ లేకుండా నీ పేరు ఒకసారి వెతికి చూడు, ఏం వస్తుందో.

అలిపిరి_మెట్లు:

ఒక్క మాట చెప్పి పోతా. టెలిగ్రామ్ జాబ్ గ్రూపుల్లో రెజ్యూమె పడెయ్యకండి, అందులోనూ ఆధార్ నంబరు, పాన్, పుట్టిన తేదీ, నాన్న పేరు అన్నీ రాసింది. ఎవరైనా ఆధార్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ కాపీ ఇవ్వొచ్చు, ఆధార్ సైట్‌లోనే దొరుకుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, అక్కడ వదిలి రాకండి. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డబ్బులు, లాప్‌టాప్ డిపాజిట్ అంటే అక్కడితో ఆపెయ్యండి. ఇక మన ఊళ్ళో స్పెషల్, టీటీడీలో ఔట్‌సోర్సింగ్ ఇప్పిస్తాం, లోపల మనిషి ఉన్నాడు అనేవాళ్ళు. నమ్మొద్దని దేవస్థానం వాళ్ళు ఎన్నిసార్లు ప్రకటన ఇచ్చినా జనం లక్షలు పోస్తూనే ఉన్నారు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత.

బీకామ్_కొర్లగుంట:

అందరికీ చానా థ్యాంక్స్. లెటర్ వద్దని మామయ్యకి చెప్పేశా, అలిగాడు, రెండ్రోజుల్లో ఆయనే మాట్లాడతాడు. ఇప్పుడే పీఎఫ్ పాస్‌బుక్, సర్వీస్ హిస్టరీ చూశా. స్టాఫింగ్ అన్న చెప్పినట్టే కాంట్రాక్టర్ పేరే ఉంది, జమ కూడా అయింది. కానీ హిస్టరీలో మానేసిన తేదీ దగ్గర ఖాళీగా ఉంది. అంటే నేను ఇంకా అక్కడే పని చేస్తున్నట్టా?

రేణిగుంట_స్టాఫింగ్:

అవును, కాగితం మీద అలాగే లెక్క. కాంట్రాక్టర్లు సీజన్ అయ్యాక ఆ తేదీ వెయ్యడం మర్చిపోతారు, లేదా బద్ధకం. నువ్వే వేసుకోవచ్చు. ఆఖరి జమ పడి రెండు నెలలు దాటితే చాలు, నీకు ఎప్పుడో దాటింది. పీఎఫ్ వాళ్ళ ఈపీఎఫ్‌ఓ సైట్‌లో యూఏఎన్‌తో లాగిన్ అయి మేనేజ్‌లోకి పోతే మార్క్ ఎగ్జిట్ అని ఉంటుంది, ఆధార్ ఓటీపీ వస్తుంది. తేదీ చూసి వెయ్యి, ఒకసారి వేశాక మార్చడం పెద్ద తలనొప్పి. రెజ్యూమెలో కూడా అదే తేదీ పెట్టు.

చిత్తూరు_లెడ్జర్:

ఎక్సెల్ మొదలుపెట్టాక నాకు మెసేజ్ పెట్టమ్మా, తిరుపతిలో నాకు తెలిసిన రెండు ఆఫీసులు చెప్తా. 20వ తేదీ దాటాకే వెళ్ళు. 14కీ 20కీ మధ్యలో వెళ్తే తలెత్తి చూసేవాళ్ళు కూడా ఉండరు.