మొదటిసారి కుక్కను తెచ్చుకుంటున్నాం: పిల్లనా, పెద్దదాన్నా?

మూడో_అంతస్తు:
మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, అద్దెకి. నేను, మా ఆవిడ, ఆరేళ్ళ పాప, మా అమ్మ. మా ఇద్దరివీ ఆఫీసు ఉద్యోగాలే, నాకు మాత్రం వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని. మా రెండు వైపులా కుక్కను పెంచినవాళ్ళు ఎవరూ లేరు. జాతి కుక్కను కొనం, దత్తతే తీసుకుంటాం అన్నంత వరకు ఇంట్లో ఒప్పందం కుదిరింది. ఆ తర్వాతే గొడవ.

పోయిన ఆదివారం ఒక దత్తత శిబిరానికి వెళ్ళాం. రెండు మనసుకు పట్టాయి. ఒకటి యాభై రోజుల గోధుమరంగు పిల్ల, డ్రైనేజీ పైపులో దొరికిందట. రెండోది నాలుగేళ్ళ ఆడ నాటు కుక్క. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఆ గుర్తుగా ఎడమ చెవికి గాటు ఉంది, ఎనిమిది నెలలుగా ఒకరింట్లో ఫోస్టర్‌లో, అంటే దత్తత కుదిరేదాకా తాత్కాలికంగా, ఉంటోంది. పాప ఆ పిల్లను వదిలి రానని ఏడ్చింది. మా ఆవిడకు పెద్దది నచ్చింది. మా అమ్మకు రెండూ నచ్చలేదు. మీరైతే ఏది తీసుకుంటారు?

గోదారి_గట్టు:
ఇందులో ఆలోచించడానికేముందండీ, పిల్లనే తెచ్చుకోండి. మా రాజమండ్రి ఇంట్లో మూడు కుక్కలు పెరిగాయి, మూడూ వీధిలో దొరికిన పిల్లలే. పిల్ల అయితే మీ చేతి ముద్ద తిని, మీ ఇంటి వాసనతో పెరుగుతుంది. పాపా అదీ కలిసి పెద్దవుతారు. నాలుగేళ్ళ కుక్క ఎవరి దగ్గర ఎన్ని దెబ్బలు తిందో, దేనికి భయపడుతుందో మీకేం తెలుసు? మొక్కై వంగనిది మానై వంగుతుందా?

వీధి_చివర:
గట్టు గారూ, మీ ఇంటికి పెరడు ఉందనుకుంటా. వీళ్ళది మూడో అంతస్తు. అక్కడే వస్తుంది తేడా.

యాభై రోజుల పిల్ల మెలకువగా ఉన్నంతసేపూ గంటా రెండు గంటలకోసారి పోస్తుంది. టీకాలు పూర్తయ్యేదాకా, అంటే దాదాపు నాలుగు నెలల వయసు వచ్చేదాకా, వీధి కుక్కలు తిరిగే నేల మీద దాన్ని వదలకూడదు. కాబట్టి ఆ రెండు నెలలూ అంతా ఇంట్లోనే. మీ ఇద్దరూ ఆఫీసులో ఉంటే ఆ తుడవడం ఎవరి మీద పడుతుంది? ముందే ఇష్టం లేదంటున్న మీ అమ్మగారి మీద. రాత్రి రెండింటికి లేచి ఏడిస్తే పక్క ఫ్లాటు వాళ్ళు తలుపు కొడతారు. నాలుగో నెల నుంచి పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి. అప్పుడు చెప్పులు, సోఫా అంచులు, ఛార్జర్ వైర్లు, మీ పాప చేతులు, ఏవీ మిగలవు. నా దగ్గర దత్తత తీసుకుని తిరిగి ఇచ్చినవాళ్ళలో ఎక్కువ మంది ఆ వయసులోనే ఇచ్చారు. "అప్పుడు ఎంత ముద్దుగా ఉండేదో, ఇప్పుడు కొరుకుతోందండీ" అంటారు. కొరక్కుండా ఏం చేస్తుంది పాపం.

ఇంకో సంగతి. కుక్కలు జతకట్టేది ఎక్కువగా చిత్త కార్తెలో, అంటే అక్టోబరులో. అరవై మూడు రోజులకు ఈనుతాయి. అందుకే సంక్రాంతికి ప్రతి వీధిలోనూ పిల్లలు, ఫిబ్రవరికి శిబిరాల నిండా పిల్లలే. వాటి పక్కన నాలుగేళ్ళ కుక్కను ఎవరూ తలెత్తి చూడరు. నిజానికి మొదటిసారి పెంచేవాళ్ళకు పనికొచ్చేది అదే. ఎంత ఎత్తుందో కనిపిస్తోంది. ఎనిమిది నెలలు ఒక ఇంట్లో ఉంది కాబట్టి దాని గురించి అడగడానికి ఒక మనిషి ఉన్నారు. కుక్కర్ విజిల్ వేస్తే ఏం చేస్తుంది? చిన్నపిల్లలు పరిగెడితే వెంటపడుతుందా? ఒంటరిగా వదిలితే అరుస్తుందా? పిల్ల విషయంలో ఈ ప్రశ్నలు ఎవరిని అడుగుతారు, డ్రైనేజీ పైపునా?

సాగరతీరం:
వీధి చివర గారి మాటలు చదవడానికి బాగున్నాయి. కానీ "పెద్ద కుక్క అంటే తెలిసిన కుక్క" అనే మాట నేనూ నమ్మి దెబ్బతిన్నాను.

వైజాగ్‌లో మూడేళ్ళ క్రితం ఒక షెల్టర్ నుంచి ఐదేళ్ళ మగ కుక్కను తెచ్చుకున్నాం. అక్కడున్న అన్నిటిలో అదే నెమ్మదిగా కనిపించింది. మిగతావి జాలీ ఎక్కి అరుస్తుంటే ఇది మూలన కూర్చుని చూసింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, అదే కావాలన్నాను. ఇంటికొచ్చాక రెండు వారాలు అసలు అలికిడే లేదు. మూడో వారం మా అత్తగారు మంచం కింద ఊడవడానికి చీపురు పెట్టారు. ముంజేతిని పట్టేసింది. నాలుగు ఇంజెక్షన్లు. తిరిగి ఇచ్చేశాం. ఆ రోజు దాని మొహం చూడలేకపోయాను.

నేను శాంతం అనుకున్నది భయం. నేను కుక్కను ఎంచుకోలేదు, నా జాలిని ఎంచుకున్నాను. అందుకే పిల్లే మేలు అనను గానీ, పెద్దదైతే చాలు అన్నీ తెలిసిపోతాయి అని మాత్రం ఎవరికీ చెప్పొద్దు.

బెజవాడ_పశువైద్యం:
సాగరతీరం గారి అనుభవం చాలామందికి ఎదురయ్యేదే. కొత్త చోట కుక్క మొదటి మూడు రోజులు బిగుసుకుపోయి ఉంటుంది, మూడు వారాలకు ఇంటి పద్ధతి పట్టుకుంటుంది, అసలు స్వభావం బయటపడడానికి మూడు నెలలు పడుతుంది. ఇది అందరూ చెప్పే మోటు లెక్కే, కానీ పనికొస్తుంది. భయాన్నీ శాంతాన్నీ తేడా పట్టాలంటే ఒక చిన్న పరీక్ష: మీరు పక్కన కూర్చుని వేరే వైపు చూస్తూ నేల మీద ఒక చికెన్ ముక్క పెట్టండి. నెమ్మదైన కుక్క వచ్చి తిని, మీ చెయ్యి వాసన చూస్తుంది. భయపడ్డది మీరున్నంతసేపూ ముట్టదు. తోక కాళ్ళ మధ్యకు పోతుంది, కంటి తెల్లగుడ్డు కనిపిస్తుంది, నాలుకతో ముక్కు నాక్కుంటూ ఉంటుంది. అలాంటిది చెడ్డ కుక్క కాదు, అనుభవం ఉన్న ఇంటికి వెళ్ళాల్సిన కుక్క.

షెల్టర్ వేరు, ఫోస్టర్ ఇల్లు వేరు. నలభై కుక్కల మధ్య ఉన్నదాని గురించి అక్కడివాళ్ళు చెప్పగలిగింది తక్కువ. ఇంట్లో ఉన్నదైతే, ఆ ఇంటికే వెళ్ళి చూడండి. ఒకసారి ఉదయం, ఒకసారి అది అన్నం తినే వేళకు. పాపను రెండోసారి తీసుకెళ్ళండి. ముందు అది పాప దగ్గరికి రావాలి, పాప దాని దగ్గరికి పోకూడదు. గిన్నె లాగి చూద్దాం లాంటి పరీక్షలు మాత్రం పెట్టకండి.

పిల్ల సంగతికొస్తే, డ్రైనేజీలో దొరికిన యాభై రోజుల పిల్లను ఆ వారమే ఇంటికి ఇచ్చేయడం నాకు నచ్చదు. పార్వో అనే వైరస్ జబ్బు ఉంటే కొద్దిరోజుల్లోనే వాంతులు, నెత్తుటి విరేచనాలు మొదలవుతాయి, టీకా లేని పిల్లలు చాలా త్వరగా పోతాయి. కనీసం రెండు వారాలు ఒకరి దగ్గర ఉంచి చూశాక తీసుకోండి. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాలకు, ఆపైన మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. రేబిస్ మూడు నెలలకు. అలాగని నాలుగు నెలలూ గదిలో బంధించకూడదు. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా చూసినవీ విన్నవీ దానికి జీవితాంతం మామూలు విషయాలవుతాయి. చంకనేసుకుని తిప్పండి, ఆటోల మోత, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, అన్నీ చూపించండి. పెద్దదాన్ని తీసుకుంటే పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష చేయించండి.

కాపలాదారు:
అంతా ఏదో మరిచిపోయినట్టు మాట్లాడుతున్నారు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును వీధి కుక్కలు చంపేశాయి. ఆరేళ్ళ ఆడపిల్ల ఉన్న ఇంట్లోకి వీధి కుక్కను తెచ్చుకోవడం, పైగా అది గొప్ప సేవ అనుకోవడం నాకు అర్థం కాదు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే.

వీధి_చివర:
ఆ బాబు సంగతి ఎవరూ మరిచిపోలేదండీ. ఆ వీడియో చూశాక నేను వారం రోజులు అన్నం పెట్టడానికి వీధిలోకి వెళ్ళలేకపోయాను. కానీ ఆకలితో, కాపలా లేకుండా గుంపుగా తిరిగే కుక్కలు వేరు, ఒక ఇంట్లో బెల్టు వేసుకుని ఉండే కుక్క వేరు. మీ మాటలో ఒక సగం ఒప్పుకుంటాను: ఏ కుక్కనైనా సరే, పాపతో ఒంటరిగా వదలకూడదు. ఎంత మంచిదైనా.

ఇంకొకటి. "నచ్చకపోతే దొరికిన చోటే వదిలేద్దాం" అనుకునేవాళ్ళు అసలు తీసుకోవద్దు. 2025 ఆగస్టు 22న ఢిల్లీ కుక్కల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులోనే, దత్తత తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూడాల్సింది తీసుకున్నవారే అని ఉంది. ఉత్తర్వు లేకపోయినా అంతే అనుకోండి.

పక్కింటి_హస్కీ:
షెల్టర్లలో వదిలేసిన ల్యాబ్‌లూ హస్కీలూ కూడా ఉంటాయి కదా, అవి ఎందుకు వద్దు?

వీధి_చివర:
హైదరాబాద్ మే నెలలో హస్కీ కోసం పగలంతా ఏసీ వేయగలిగితే తీసుకోండి. ల్యాబ్ మంచిదే, కానీ వదిలేసిన ల్యాబ్‌లలో చాలావాటికి తుంటి కీళ్ళ నొప్పో, చర్మవ్యాధో ఉంటుంది. అవీ బతకాలి. మొదటిసారివాళ్ళ ఇంట్లోనే బతకాలని లేదు.

డల్లాస్_బాబాయ్:
మూడో అంతస్తు గారూ, ఒక సలహా. ఇక్కడ చాలా షెల్టర్లు "ముందు ఫోస్టర్‌గా తీసుకెళ్ళు, కుదిరితే దత్తత" అంటాయి. మీరూ అలాగే రెండు మూడు వారాలు అడగండి. నిజంగా కుక్క మేలు కోరేవాళ్ళు కాదనరు. అద్దె ఇల్లు కాబట్టి ఓనరు ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది గానీ, ఓనరుతో మీ ఒప్పందం వేరే సంగతి.

కుక్కతో అమెరికా వచ్చే ఆలోచన ఏమైనా ఉంటే ఇప్పుడే చర్మం కింద గుర్తింపు చిప్ వేయించండి. 2024 ఆగస్టు నుంచి ఇక్కడికి కుక్కల్ని తెచ్చే నియమాలు మారాయి. రేబిస్ టీకా చిప్ వేయించాకే పడాలి. మా తమ్ముడు ఆ క్రమం తిరగేసి చేయించి అంతా మళ్ళీ మొదలుపెట్టాడు.

గోదారి_గట్టు:
పార్వో సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటా. మా మూడింటికి ముందు ఒకటి పోయింది, వారం కూడా ఉండలేదు. ఎందుకో అప్పుడు మాకు తెలియలేదు. అయినా పిల్లతో పెరిగిన బాల్యం బాల్యమేనండీ. అది మాత్రం వెనక్కి తీసుకోను.

మూడో_అంతస్తు:
అందరికీ థాంక్స్. నెల తర్వాత రాస్తున్నాను.

ఫోస్టర్ ఇంటికి రెండుసార్లు వెళ్ళాం. చికెన్ ముక్క పరీక్ష పెట్టాను. తినేసి నా జేబు వెతికింది. పాపను వాసన చూసి పక్కనే పడుకుంది. మూడు వారాల ఫోస్టర్ ఒప్పందం మీద తెచ్చుకున్నాం. అమ్మ పెట్టిన షరతు, వంటింట్లోకీ దేవుడి గదిలోకీ రాకూడదని. మొదటి నాలుగు రోజులు డైనింగ్ టేబుల్ కింద నుంచి కదల్లేదు, మేం పడుకున్నాక తినేది. బెజవాడ డాక్టరు గారు చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే రెండో రోజే ఫోన్ చేసి తీసుకెళ్ళమనేవాళ్ళం. ఇప్పుడు కుక్కర్ విజిల్‌కి చెవి కూడా కదపదు. మొన్న దత్తత కాగితం మీద సంతకం పెట్టాం. ఆ గోధుమరంగు పిల్ల వేరే ఇంటికి వెళ్ళిందట. పాప దాని ఫొటో ఫోన్‌లో చూపించమని ఇప్పటికీ అడుగుతోంది, ఈ కుక్క మెడ మీద చెయ్యేసి మరీ.

ఒక్క సమస్య. ఇది లిఫ్టు ఎక్కదు. తలుపు తెరుచుకోగానే నేలకు అతుక్కుపోతుంది. ఫోస్టర్ వాళ్ళది గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. వంద ప్రశ్నలు అడిగాం, లిఫ్టు గురించి ఎవరికీ తట్టలేదు. రోజుకు నాలుగుసార్లు మూడంతస్తులు దిగి ఎక్కుతున్నాం. ఎవరైనా ఏదైనా మార్గం చెప్పగలరా?

బెజవాడ_పశువైద్యం:
లాగకండి, ఎత్తుకుని ఎక్కించకండి. లిఫ్టు తలుపు తెరిచి ఉంచి దాని ముందు పెరుగన్నం పెట్టండి, రెండు మూడు రోజులు అంతే. తర్వాత గిన్నెను ఒక్కో అడుగు లోపలికి జరపండి. జనం లేని వేళ చూసుకోండి.

గోదారి_గట్టు:
పెరడున్న ఇల్లు చూసుకోండి.