అప్‌డేట్: 1967 ఎంజీబీ సగం త్రాటిల్‌లో మిస్సింగ్, కారణం దొరికింది

నా ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఐడ్లింగ్ బాగుంది, ఫుల్ త్రాటిల్‌లోనూ లాగుతుంది, సగం త్రాటిల్‌లో నిలకడగా వెళ్తుంటే మాత్రం మిస్సింగ్ (మధ్యమధ్యలో స్పార్క్ తప్పి ఇంజిన్ తడబడటం), కారణమేంటని ఇంతకుముందు అడిగాను (జంట ఎస్‌యూ కార్బ్యురేటర్లు, లూకాస్ 25డీ4 డిస్ట్రిబ్యూటర్, అంటే ప్లగ్గులకు స్పార్క్ పంచే భాగం). తేలిపోయింది.

వాక్యూమ్ అడ్వాన్స్ పైపు (కార్బ్యురేటర్ వాక్యూమ్‌తో ప్లేటును తిప్పి స్పార్క్ టైమింగ్ ముందుకు జరిపేది) పీకి, కార్బ్యురేటర్ వైపు రంధ్రం మూసి నడపమన్నవారికి థాంక్స్. అలా చేయగానే మిస్సింగ్ మాయం. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీస్తే, పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే కాంటాక్టులు) ప్లేటు నుంచి బాడీకి వెళ్లే పొట్టి ఎర్త్ తీగ పైకి శుభ్రంగానే కనిపించింది. మీటర్ పెట్టి పైపును నోటితో పీల్చితే ప్లేటు తిరిగినప్పుడల్లా రీడింగ్ ఎగిరిపోతోంది. లోపలి పోగులన్నీ తెగి, తొడుగొక్కటే మిగిలింది! సగం త్రాటిల్‌లో వాక్యూమ్ ప్లేటును లాగుతుంది, ఎర్త్ పోతుంది, స్పార్క్ తప్పుతుంది. ఐడ్లింగ్‌లో, ఫుల్ త్రాటిల్‌లో ఆ లాగుడు ఉండదు.

సన్నపోగుల మెత్తటి తీగ కొంచెం వదులుగా పెట్టి సోల్డర్ చేశాను. మామూలు బిరుసు వైరు వేయకండి, ప్లేటును తిరగనివ్వదు, తొందరగా విరుగుతుంది కూడా. పాయింట్ల గ్యాప్ 0.015 అంగుళం, తర్వాత టైమింగ్ మళ్లీ చూసుకోవాలి.

కార్బ్యురేటర్ డ్యాంపర్ ఆయిల్, ఫ్యూయల్ పంపు, వీటికి ఈ మిస్సింగ్‌తో సంబంధమే లేదు. కొత్త కండెన్సర్ (పాయింట్లు కాలకుండా కాపాడేది) దండగ, పాతదే తిరిగి బిగించాను.