బట్టమేక లేని రోళ్లపాడులో జింకలు ఎవరి కోసం?

నల్లరేగడి (చర్చ మొదలుపెట్టినవారు):
మాది ఉమ్మడి కర్నూలు జిల్లా, రోళ్లపాడు అభయారణ్యం పక్క ఊరు. శనగ నాలుగాకులు వేసిందో లేదో జింకల మంద దిగుతుంది. రాత్రంతా నాన్న చేన్లోనే కావలి. కృష్ణజింకకు ముప్పు లేదని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితానే చెబుతోంది కదా. మరి దాన్ని ముట్టుకోనివ్వరెందుకు? 1988లో ఈ అభయారణ్యం పెట్టిందే బట్టమేక (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) అనే పెద్ద పిట్ట కోసం. ఆ పిట్ట ఇప్పుడు కనబడటమే లేదు.

గడ్డినేల:
అన్నా, మీ బాధ న్యాయమైనదే. కానీ ఎర్ర జాబితా చట్టం కాదు. ఒక జాతి ప్రపంచం మొత్తం మీద ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే అంచనా అది. మన దేశంలో నడిచేది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులో కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఆ షెడ్యూల్ జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదమైతేనో, కోలుకోలేని జబ్బు చేస్తేనో తప్ప వేటకు అనుమతి ఇవ్వరు. పంట నష్టం అందుకు కారణంగా చెల్లదు. చట్టం కాపాడబట్టే జింకలు పెరిగాయి. ఆ కాపలా తీసేస్తే మళ్లీ పాత కథే. పట్టి తరలించడానికి మాత్రం దారి ఉంది. 2025లో మధ్యప్రదేశ్‌లో హెలికాప్టర్‌తో తోలి వందల జింకలను వేరే అడవులకు పంపారు. మనం అడగాల్సింది అది.

లంకమల:
మాది కడప జిల్లా. కలివికోడి 1900 తర్వాత కనబడక, పోయిందనే అనుకున్నారు. 1986లో సిద్దవటం వైపు మళ్లీ దొరికింది. కనబడటం లేదని బట్టమేకను వదిలేస్తామా?

నల్లరేగడి:
ఆ పోలిక కుదరదు సార్. కలివికోడి ముళ్లపొదల్లో రాత్రిపూట తిరిగే చిన్న పిట్ట. బట్టమేక మీటరు ఎత్తు, బయలు నేలలో తిరిగేది. ఉంటే గొర్రెల కాపరులకు కనబడదా?

గడ్డినేల:
ఒప్పుకుంటాను, దాక్కునే పిట్ట కాదది. కానీ అది ఎందుకు పోయిందో చూడండి. అభయారణ్యం 6 చదరపు కిలోమీటర్లే. బట్టమేక చుట్టూ ఉన్న బీళ్లలో, జొన్న చేలలో కూడా మేసేది. ఆ బీళ్లన్నీ సాగులోకి పోయాయి. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పిట్ట, నేల పోతే తేరుకోలేదు. దేశం మొత్తం మీద ఇప్పుడు 150కి అటూ ఇటూ మిగిలాయి, ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. రోళ్లపాడు గడ్డిని కూడా దున్నేస్తే, రేపు అక్కడి నుంచి తెచ్చి వదలాలన్నా చోటుండదు.

నల్లరేగడి:
గడ్డి దున్నమని నేను అనలేదు. ఆ గడ్డి ఉండాల్సిందే. కానీ దాని ఖర్చు చుట్టుపక్కల ఊళ్ల మీదే ఎందుకు పడాలి? పోయినేడు నష్టానికి అర్జీ పెడితే, పైరు మళ్లీ మొలిచాక వచ్చి చూసి ఏం పోలేదని రాసుకుపోయారు. జింకలు మేసిన వారంలోపే వచ్చి చూడాలి, ఆ సీజన్‌లోనే డబ్బు పడాలి. తరలింపు అర్జీకి మా ఊరి సంతకాలు నేను చేయిస్తాను. పక్క ఊళ్లవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే చెప్పండి.