బేతేలుకు వచ్చిన దైవజనుణ్ణి సింహం చంపడం న్యాయమేనా? (1 రాజులు 13)

కిన్నెర:
ఆదివారం ఈ అధ్యాయం మీద ప్రసంగం విన్నప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. యూదా నుంచి వచ్చిన దైవజనుడు ఇశ్రాయేలు రాజు యరొబాము బేతేలులో కట్టించిన బలిపీఠం మీద తీర్పు ప్రకటించాడు. అక్కడ తినకు, తాగకు, వచ్చిన దారిన వెళ్ళకు అని అతనికి దేవుని ఆజ్ఞ. రాజు పిలిచినా భోజనానికి వెళ్ళలేదు. తర్వాత ఒక ముసలి ప్రవక్త "నిన్ను ఇంటికి తీసుకురమ్మని దూత చెప్పాడు" అంటే నమ్మి వెళ్ళాడు. తిరిగి వెళ్తుంటే దారిలో సింహం చంపేసింది. అబద్ధమాడినవాడు మాత్రం హాయిగా బతికాడు. ఇదేం న్యాయం?

బెరయ బాట:
న్యాయమే. ఆజ్ఞ నేరుగా అతనికే వచ్చింది. దేవుడు మాట మార్చుకుంటే అతనికే చెప్పేవాడు కదా, మధ్యలో ఇంకొకరెందుకు? పైగా 14వ వచనం చూడండి, చెట్టు కింద కూర్చున్నాడు. పని అయ్యాక ఆగడం దేనికి? పతనం అక్కడే మొదలైంది.

తోటవారి అబ్బాయి:
కూర్చోవద్దని ఆజ్ఞలో ఎక్కడుందండీ?

బెరయ బాట:
పాపం అనలేదు. ఆగకపోతే దొరికేవాడు కాదంటున్నాను.

తోటవారి అబ్బాయి:
ముసలాయన గాడిదకు గంత కట్టించుకుని వచ్చాడు, 13వ వచనం. ఎక్కడున్నా అందుకునేవాడు.

సీయోను:
ఆమేన్. విధేయత బలి కంటే శ్రేష్ఠం.

ఎస్తేరు:
చెట్టు గొడవ వదిలేయండి. "దేవుడు నాతో మాట్లాడాడు, పొలం అమ్మి మందిరానికి ఇవ్వు, రెట్టింపు వస్తుంది" అని ఒక పెద్దాయన మా నాన్నతో చెప్పాడు. నాన్న ఎకరం అమ్మేశారు. ఏమీ రాలేదు. అడిగితే నీకు విశ్వాసం చాల్లేదన్నాడు. నమ్మినవాడిదే తప్పని ఇప్పుడు మీరూ అంటున్నారు.

బెరయ బాట:
సొంత అనుభవంతో వాక్యాన్ని తూచకూడదమ్మా.

ఎస్తేరు:
అమ్మా అని బుజ్జగించకండి. 18వ వచనంలో ఆ ముసలి ప్రవక్త అబద్ధమాడాడని వాక్యమే చెప్తోంది. ఇంత రాశారు, ఆయన గురించి ఒక్క ముక్కైనా అన్నారా?

కిన్నెర:
సింహం శవాన్ని తినలేదు, గాడిదను చీల్చలేదు. చాలా ఏళ్ళ తర్వాత యూదా రాజు యోషీయా బేతేలులో సమాధులు తవ్వించి ఎముకలు కాల్చినప్పుడు ఈ దైవజనుడి సమాధి జోలికి పోనివ్వలేదు (2 రాజులు 23). ముసలి ప్రవక్త ఎముకలు కూడా ఇతని పక్కన ఉండబట్టే మిగిలాయి. అంటే దేవుడు ఇతన్ని పూర్తిగా తోసెయ్యలేదనే కదా?

బెరయ బాట:
ఎస్తేరు గారూ, నేను ఊరికే పట్టుబట్టడం లేదు. మా అన్నయ్యకు షుగర్. స్వస్థత వచ్చేసింది, మందులు మానెయ్యమని ఒకాయన ప్రవచనం చెప్తే మానేశాడు. వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాం. వినలేదు, కాలు తీసేశారు. మోసపోయినవాడి మీద బాధ్యత లేదంటే రేపు ఇంకొకడు మందులు మానేస్తాడు.

ఎస్తేరు:
అన్నయ్య గారి సంగతి విని బాధేసింది. మానెయ్యమన్నాయన ఏమయ్యాడు?

బెరయ బాట:
ఇప్పటికీ సభలు పెడుతున్నాడు.

ఎస్తేరు:
నేను మొదట్నుంచీ అడుగుతున్నది ఆయన గురించే. జాగ్రత్తగా ఉండండి అని మా నాన్న లాంటివాళ్ళకే చెప్తారు, సింహం దగ్గర ప్రసంగం ఆపేస్తారు. 18వ వచనం మీద ఎవరైనా ఒక్క ప్రసంగం చేస్తే నాన్నను వెంటబెట్టుకుని వస్తాను.