చర్చ: ఊరు పేరు తెలియని శాతవాహన నాణేన్ని క్లబ్బు వేలంలోకి రానివ్వాలా?

రాగిదమ్మిడీ:
మా నాణేల క్లబ్బులో ఓ తీర్మానం రాబోతోంది. దొరికిన చోటు రాసిన చీటీ లేకుండా శాతవాహన, ఇక్ష్వాకు నాణేలను నెలవారీ వేలానికి తీసుకోకూడదని. సభ్యులు రెండుగా చీలారు. మీరేమంటారు?

పోటిన్‌పక్షి:
తీర్మానం నెగ్గాలి. పాత కరీంనగర్ జిల్లాలోని కోటిలింగాల ఊరినే తీసుకోండి. గోభద, నారన, కంవాయ, సమగోప పేర్లున్న నాణేలూ, శాతవాహన వంశ మొదటి రాజు సిముకుడి నాణేలూ అక్కడే బయటపడ్డాయి కాబట్టి శాతవాహనులకు ముందటి స్థానిక పాలకుల గురించి మాట్లాడగలుగుతున్నాం. అదే గోభద నాణెం పదిమంది చేతులు మారి కవర్లో వస్తే పేరు మిగులుతుంది, ఊరు పోతుంది.

చట్టం సంగతి వేరే. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. పొలంలో దొరికింది నేరుగా మన బల్ల మీదికి వస్తే ఆ మెట్టు ఎగ్గొట్టినట్టే.

పాతపెట్టె:
ఉద్దేశం మంచిదే, అమలు ఎలా? నలభై ఏళ్ల కిందటి సేకరణల్లో చీటీలు ఎక్కడున్నాయండీ? అవన్నీ గెంటేస్తే వాట్సాప్ గ్రూపుల్లోకి పోతాయి. క్లబ్బులో కనీసం పదిమంది భూతద్దం పెట్టి చూస్తారు. పైగా చీటీ రాయడం ఎంత పని? ప్రతి వ్యాపారీ "కరీంనగర్ దగ్గర" అనే రాస్తాడు.

నకిలీలు పట్టేది చీటీ కాదు, కన్ను. అంచున అతుకు గీత చూసి పోత నాణెమని పక్కన పెట్టేవాళ్లున్నారు. ఆ కాలంలోనే పోత నాణేలు ఉన్నాయి కదా, ఆ ఒక్క గుర్తుతో తేలదు. రెండు నాణేలు పక్కపక్కన పెట్టండి. రెంటిలోనూ ఏనుగు ఒకే పక్కకు జరిగి, అదే చోట అదే గంటు ఉంటే, ఒకే మూసలోంచి వచ్చాయి. అచ్చుతో ఒక్కొక్కటిగా కొట్టిన అసలువాటిలో అలా కుదరదు.

పోటిన్‌పక్షి:
@పాతపెట్టె "కరీంనగర్ దగ్గర" అంటే ఒప్పుకోవద్దు. ఊరు, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నది, బరువు 0.01 గ్రాము వరకు, వ్యాసం, స్కేలు పెట్టి తీసిన రెండు వైపుల ఫొటో. ఇవి లేనిది చీటీయే కాదు. పాత సేకరణలకు తీర్మానం తేదీలోపు ఫొటోలు తీసి క్లబ్బు రిజిస్టర్లో ఎక్కించుకునే గడువు ఇవ్వొచ్చు. ఆ తర్వాత వచ్చేవాటికి మినహాయింపు వద్దు.

ఇంకో మాట. మట్టి అంటిన నాణేన్ని చింతపండుతో తోమి తేవద్దని కూడా నిబంధనలో రాయండి. రాగి మీది పాత పొర లేచిపోతే అది తిరిగి రాదు. సీసం నాణేలకు వెనిగర్ అసలే వద్దు, ప్లైవుడ్ పెట్టె కూడా వద్దు. చెక్క నుంచి వచ్చే ఆవిరికే తెల్లపొడి రాలి అక్షరాలు మాయమవుతాయి. మెత్తటి పీవీసీ కవర్లు మానేసి పాలీప్రొపిలిన్ వాడండి.

గోదారిగట్టు:
మీరిద్దరూ అసలు చిక్కు దగ్గరికే రాలేదు. 1972 పురావస్తు చట్టం లెక్కన నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. లైసెన్సు లేకుండా వాటి అమ్మకం వ్యాపారంగా చేయకూడదు. మీ క్లబ్బు ప్రతి పాటలో కమిషన్ పట్టుకుంటోందా? అయితే చీటీ ఉన్నా లేకపోయినా ఆ ప్రశ్న వస్తుంది. ముందు లాయరుతో ఆ ముక్క తేల్చుకోండి. అందాకా పాతవి ప్రదర్శనకు పెట్టుకోండి, వేలం నూరేళ్లు నిండని నాణేలకు పరిమితం చేయండి.

రాగిదమ్మిడీ:
కమిషన్ పట్టుకుంటున్నాం, నూటికి ఐదు. ఇది ఎవరికీ తట్టలేదు. తీర్మానం పాఠం మార్చి ఇక్కడే పెడతాను.