యొనెజు ఐరిస్ ఔట్ / జేన్ డో సింగిల్‌లో మీకు ఏ పాట నచ్చింది? సీడీ తెప్పించుకోవచ్చా?

జేపాప్ (జపాన్ పాప్ పాటలు) వినేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్. జపాన్ సింగర్ కెన్షి యొనెజు 2025 సెప్టెంబర్‌లో వదిలిన సింగిల్ (ఒకట్రెండు పాటల చిన్న రిలీజ్) ఉంది కదా, చైన్‌సా మ్యాన్ అనే అనిమే (జపాన్ యానిమేషన్) రెజే సినిమాకి చేసింది, అందులో ఐరిస్ ఔట్ నాకు మొదటిసారికే తెగ ఎక్కేసింది. రెండున్నర నిమిషాలే, ఇంట్రో గింట్రో ఏం లేదు, డైరెక్ట్‌గా గొంతుతోనే మొదలై ఊపిరి తీసుకునే గ్యాప్ కూడా ఇవ్వకుండా అయిపోతుంది. అందులోనే ఇంకో పాట జేన్ డో మాత్రం పూర్తిగా రివర్స్, స్లోగా పియానో మీద నడుస్తుంది, హికారు ఉతాడా అనే సింగర్ కూడా పాడింది, 1998 నుంచి పాడుతున్న మనిషి అసలు అరవకుండానే గుండె ఎలా పిండేసిందో. కానీ మా ఫ్రెండ్ ఏమో సినిమా చూడకపోతే అది ఉత్త జోలపాటే అంటాడు (వాడికి బీట్ లేకపోతే పాటే కాదు లెండి). సినిమా చూడకుండా విన్నవాళ్లకి ఎలా అనిపించింది?

ఇంకోటి, జపాన్‌లో సింగిల్స్‌కి లిమిటెడ్, రెగ్యులర్ అని రకరకాల ఎడిషన్లు వేస్తారు కదా, షిప్పింగ్, కస్టమ్స్ కలిపితే మనకి బాగానే వాచిపోతుంది. అంత పెట్టి లిమిటెడ్ తెప్పించుకున్నవాళ్లు ఉంటే, వర్తేనా? లేక స్ట్రీమింగ్‌లో విని ఊరుకోమంటారా?

అలాగే అనిమేతో సంబంధం లేని కొత్త సింగిల్స్ ఏవైనా బాగుంటే చెప్పండి, నాకు వచ్చే సజెషన్లన్నీ అనిమే ఓపెనింగ్ సాంగ్సే. ఐడల్ గ్రూపులైనా ఓకే, కాకపోతే ఎందుకు నచ్చిందో ఒక ముక్క రాయండి, ఉత్త పేరు పెట్టి వెళ్లిపోకండి.