ఇటలీలో సెలవుల ఇల్లు, చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్ట్: పన్నులు, మీటర్లు, చలికాలం తాళాలు

ఈశాన్యం
మార్కె ప్రాంతంలో కొండ మీది రాతి ఇల్లు. భార్యాభర్తల పేరిట చెరి సగం. నివాసం యూకేలోనే, ఏడాదికి మూడు నాలుగు నెలలు వాడకం. రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇక మీదట ఏ పన్ను ఎప్పుడు కట్టాలి, కరెంటు పేరు మార్పు ఎలా, చలికాలం ఇల్లు మూసేటప్పుడు ఏం చేయాలి? తెలిసినవాళ్లు అంకెలతో సహా చెప్పండి.

లెక్కల మాస్టారు
ముందు ఇమూ, అంటే ఇంటి ఆస్తి పన్ను సంగతి. మామూలుగా దీనికి బిల్లు రాదు. లెక్క మీరే కట్టుకుని, మీరే చెల్లించాలి. జూన్ 16కి మొదటి సగం, డిసెంబరు 16కి మిగతా సగం. "కొమూనె (ఊరి మునిసిపాలిటీ) వాళ్లు ఉత్తరం పంపుతారులే" అనుకుని కూర్చుంటే, కొన్నేళ్ల తర్వాత బాకీ, జరిమానా, వడ్డీ అన్నీ కలిపి ఒకే కవరులో వస్తాయి.

లెక్క ఇలా: ఇంటి విజూరా (ప్రభుత్వ ఆస్తి రికార్డు నకలు) కాగితంలో రెందిత కతస్తాలె అని, పన్ను లెక్క కోసం ఇంటికి కట్టిన ఒక అంకె ఉంటుంది. దానికి 5 శాతం కలిపి, 160తో హెచ్చించి, మీ కొమూనె రేటు వేయాలి. ప్రామాణిక రేటు 0.86 శాతమే అయినా, రెండో ఇళ్ల మీద 1.06 శాతం వేసే ఊళ్లు చాలానే ఉన్నాయి. రెందిత 400 యూరోలు అనుకుందాం. 400 × 1.05 = 420. దాన్ని 160తో హెచ్చిస్తే 67,200. అందులో 1.06 శాతం 712.32 యూరోలు. ఇద్దరు యజమానులు కాబట్టి ఒక్కొక్కరికి ఏడాదికి 356.16, కిస్తీకి 178.08.

ఇక్కడ చాలామంది చేసే తప్పు: ఇద్దరి వాటా ఒకరి పేరు మీద కట్టేస్తారు. కొమూనె పుస్తకాల్లో రెండోవారి బాకీ అలాగే ఉండిపోతుంది. ఎవరి కోదిచే ఫిస్కాలె (ఇటలీ పన్ను గుర్తింపు కోడ్) మీద వారు విడిగా కట్టాలి.

ఇటలీ బ్యాంకు ఖాతా ఉంటే ఎఫ్24 అనే పన్ను చెల్లింపు పత్రంతో, కోడ్ 3918 వేసి కట్టొచ్చు. యూకే బ్యాంకు నుంచి ఎఫ్24 కుదరదు. అప్పుడు కొమూనె ఖజానా ఖాతాకు యూరోల్లో నేరుగా పంపాలి. ఆ ఖాతా ఐబాన్ నంబరు కొమూనె వెబ్‌సైటులో ఉంటుంది, లేకపోతే త్రిబూతి (పన్నుల) విభాగానికి ఈమెయిల్ పెడితే ఇస్తారు. కౌసాలె (డబ్బు దేనికో రాసే) గడిలో వరసగా కోదిచే ఫిస్కాలె, ఇమూ, ఊరి పేరు, 3918, సంవత్సరం, అక్కోంతో (మొదటి కిస్తీ) లేదా సాల్దో (రెండో కిస్తీ) అని రాయండి. ఈ వరుస లేకపోతే డబ్బు చేరినా ఎవరిదో వాళ్లకు తెలియదు. బ్యాంకు రసీదు పీడీఎఫ్ అదే రోజు ఈమెయిల్ చేసేయండి.

ఊరగాయ జాడీ
మాస్టారు ఇమూతో ఆపేశారు. చెత్త పన్ను తారి వేరే. దీనికి బిల్లు వస్తుంది, కానీ మీరు డిక్లరేషన్ ఇస్తేనే. ఇల్లు చేతికొచ్చిన 90 రోజుల్లోపు ఇవ్వాలి. అందులో నడిచే నేల వైశాల్యం రాయాలి, గోడల మందం కలపకూడదు. రాతి ఇళ్లలో గోడే అరమీటరు దాటి ఉంటుంది కాబట్టి ఈ తేడా చిన్నదేం కాదు. నివాసం లేనివాళ్ల ఇంటికి ఎంతమంది మనుషులున్నట్టు లెక్క అనేది చాలాచోట్ల కొమూనే తన నిబంధన ప్రకారం వేసుకుంటుంది. ఇల్లు ఖాళీగానే ఉందంటే వినరు, సామాను ఉన్నా కరెంటు ఉన్నా వాడకంలో ఉన్నట్టే. అయితే అప్పుడప్పుడే వాడే ఇంటికీ, విదేశాల్లో ఉండేవారికీ తగ్గింపు ఇచ్చే కొమూనెలు ఉన్నాయి. అడిగితేనే ఇస్తారు.

ఉత్తరాలకు యూకే చిరునామా ఇవ్వండి. ఖాళీ ఇంటి పోస్టు డబ్బాలో పడిన నోటీసు తడిసి గుజ్జయిపోతుంది, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. పాగో-పీఏ (ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల పద్ధతి) నోటీసైతే దాని మీద 18 అంకెల కోడ్ ఉంటుంది, ఇంటర్నెట్లో కార్డుతో కట్టేయొచ్చు.

మూడు కిలోవాట్లు
కరెంటు గురించి. ముందు రెండు మాటలు తెలుసుకోండి: వొల్తూరా, సుబెంత్రో. మీటరు నడుస్తూ ఉండి పాత యజమాని పేరు మీద ఉంటే వొల్తూరా. కనెక్షన్ మూయించేసి ఉంటే సుబెంత్రో, దీనికి ఖర్చూ ఆలస్యమూ రెండూ ఎక్కువ. కాబట్టి అమ్మేవాళ్లు కనెక్షన్ మూయించకుండా చూసుకోవాలి. కావలసినవి: ఐటీతో మొదలయ్యే పాడ్ కోడ్ (కరెంటు కనెక్షన్ నంబరు, పాత బిల్లు మీద ఉంటుంది), కోదిచే ఫిస్కాలె, పాస్‌పోర్ట్ కాపీ, ఇంటి దస్తావేజు వివరాలు, మీటరు రీడింగు. గ్యాసుకైతే పాడ్ బదులు 14 అంకెల పీడీఆర్ కోడ్. మీ ఒప్పందం నివాసం లేని గృహ వినియోగం కిందకు వస్తుంది, నివాసుల కన్నా ఖరీదే. తప్పదు.

ఇప్పుడు అసలు తలనొప్పి. ఇటలీ ఇళ్లకు మామూలుగా ఉండేది 3 కిలోవాట్ల ఒప్పందం. పది శాతం వెసులుబాటుతో 3.3 కిలోవాట్లు ఎంతసేపైనా లాగొచ్చు. అంతకు కొంచెం పైన అయితే కాసేపు ఓర్చుకుని మీటరే కొట్టేస్తుంది. యూకే నుంచి తెచ్చిన కెటిల్ ఒక్కటే 3 కిలోవాట్లు! దానికి తోడు వాషింగ్ మెషీన్ నీళ్లు వేడి చేస్తుంటే ఇల్లంతా చీకటి. పైగా ఆ కెటిల్ దాదాపు 13 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని సన్నపిన్నుల 10 ఆంపియర్ల అడాప్టరులో పెడితే అడాప్టరు కరుగుతుంది. కెటిల్ అక్కడే కొనుక్కోండి, తక్కువ వాటేజీవి దొరుకుతాయి. లావు పిన్నులున్నది 16 ఆంపియర్ల సాకెట్. ఓవెన్, హీటర్ లాంటివి దానికే. గుండ్రటి జర్మన్ ప్లగ్గుకు ఆ రకం సాకెట్ వేరే కావాలి.

కరెంటు పోతే ఏది పడిందో ముందు చూడండి. ఇంట్లో ఉండే సల్వవీత (షాక్ కొట్టకుండా కాపాడే స్విచ్) పడితే కరెంటు లీకేజీ. బయటి కోంతతోరె (మీటరు) పడితే లోడు ఎక్కువైంది. పల్లెటూళ్లలో ఈ కోంతతోరె ఇంటికి దూరంగా, దారి మొదట్లో ఏ గోడలోనో ఉంటుంది. దాని పెట్టె తాళం ఎక్కడుందో మొదటి రోజే కనుక్కోండి. 4.5 కిలోవాట్లకు పెంచమని సరఫరాదారుని అడగొచ్చు. ఒకసారి రుసుము, ఆపైన ఏటా కిలోవాటుకింత స్థిర ఖర్చు.

ఉరుముల కాలంలో సల్వవీత పడిపోయి, మీరు యూకేలో ఉంటే ఫ్రిజ్‌లో సామాను కుళ్లుతుంది. తనంతట తానే మళ్లీ ఎక్కే రకం, రియార్మో అవుతొమాతికో అంటారు, ఎలక్ట్రీషియన్‌తో వేయించండి.

సున్నపు గోడ
ఆయన ఫ్రిజ్ అన్నారు. అంతకన్నా పెద్ద నష్టం బాయిలరుది. కల్దాయలో, అంటే ఆ బాయిలరులో, నీళ్లు గడ్డకట్టకుండా కాపాడే ఏర్పాటు ఉంటుంది, కానీ అది పనిచేయాలంటే కరెంటు, గ్యాసు రెండూ ఉండాలి, నీటి పీడనమూ ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. బాగా పడిపోతే బాయిలరు లాక్ అయిపోతుంది, దాంతో ఆ రక్షణా ఆగిపోతుంది. "మెయిన్ ఆపేసి వచ్చాం, భద్రం" అనుకునేవాళ్లకే జనవరిలో పైపులు పగులుతాయి.

రెండు దారులు. ఒకటి, అన్నీ ఆన్‌లో ఉంచి, ఊళ్లో ఒకరికి తాళం ఇచ్చి, వారం వారం చూడమనడం. రెండోది, నీళ్లన్నీ తీసేయడం. కొండ ఇంటికి నా ఓటు రెండోదానికే. వరుస ఇది:

ముందు నీళ్ల హీటరు కరెంటు ఆపాలి, చల్లారనివ్వాలి. తర్వాత నీటి మీటరు దగ్గర వాల్వు మూయాలి. అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి, అన్నిటికన్నా పైన ఉన్న కుళాయి తెరవాలి. పైది తెరవకపోతే గాలి పోక నీళ్లు పైపులోనే ఆగుతాయి. లీవరు కుళాయిలు మధ్యలో పెట్టండి, వేడి చల్లని పైపులు రెండూ ఖాళీ అవుతాయి. హీటరు తొట్టి ఖాళీ చేయండి. టాయిలెట్ ట్యాంకు ఫ్లష్ చేసి, అడుగున మిగిలింది స్పాంజితో తీయండి. వాషింగ్ మెషీన్, డిష్‌వాషర్ ఒకసారి నీళ్లు తోడే ప్రోగ్రామ్‌లో నడపండి.

సైఫన్లలో (సింకు కింది వంపు పైపుల్లో) నీళ్లు మాత్రం పూర్తిగా తీయకండి. అవి ఎండితే మురుగు వాసన ఇల్లంతా పట్టేస్తుంది. విషం లేని ప్రొపిలీన్ గ్లైకాల్ పోయండి. చలి అంత లేని ఊరైతే రెండు చెంచాల వంటనూనె వేసినా చాలు, నీళ్లు ఆవిరి కావు. రేడియేటర్లలో నీళ్లు తిరిగేది వేరే సర్క్యూట్, దానికి గ్లైకాల్ ఎంత కలపాలో ఇద్రౌలికో (ప్లంబరు) చేతే కొలిపించండి. నీటి మీటరు గుంటలో థర్మోకోల్ కప్పడం మరవకండి.

వసంతంలో తిరిగి తెరిచేటప్పుడు తొట్టి నిండేదాకా హీటరు స్విచ్ ముట్టుకోవద్దు. నీళ్లు లేకుండా వేస్తే ఎలిమెంటు కాలిపోతుంది.

ఇంకోటి, బీమా కాగితం చదవండి. ఇల్లు ఇన్ని రోజులకు మించి ఖాళీగా ఉంటే నీటి వాల్వు మూసి ఉండాలనే షరతు ఉంటుంది. భూకంపం చాలా పాలసీల్లో విడిగా కొనుక్కోవాల్సిందే. 2016లో అమత్రిచే చుట్టుపక్కల ఏమైందో తెలిసినవాళ్లు మార్కెలో ఆ గీత వదిలేయరు.

కొత్త సభ్యుడు
రోజుల లెక్క ఎలా? అమ్మానాన్నల్ని హైదరాబాదు నుంచి నేరుగా అక్కడికే రప్పించవచ్చా?

లెక్కల మాస్టారు
బ్రిటిష్ పాస్‌పోర్టుకు షెంగెన్ దేశాలన్నిటికీ కలిపి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. ఇల్లుందని ఒక్క రోజు ఎక్కువ ఇవ్వరు. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కే. మే 1న దిగి జూలై 29న వెళ్తే 90 అయిపోయాయి, మళ్లీ కాలు పెట్టగలిగేది అక్టోబరు 28న. దారిలో ఫ్రాన్సులో ఆగినా ఇందులోనే పోతాయి. 2025 అక్టోబరు 12 నుంచి ఈఈఎస్ (సరిహద్దులో రాకపోకలు నమోదు చేసే పద్ధతి) మొదలైంది. వేలిముద్రలు, ముఖం ఫొటో తీసుకుని యంత్రమే రోజులు లెక్కపెడుతుంది. "ముద్ర సరిగా పడలేదు" అనే వాదన ఇక చెల్లదు.

అమ్మానాన్నలది భారతీయ పాస్‌పోర్ట్ అయితే షెంగెన్ వీసా కావాలి. చేతిలో యూకే వీసా ఉన్నా ఇటలీకి అది పనికిరాదు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు. వాళ్లు ఇంటికి చేరిన 48 గంటల్లో ఆతిథ్య డిక్లరేషన్ ఊళ్లోని పోలీసు అధికారికి ఇవ్వాలి, పోలీసు కార్యాలయం లేని ఊళ్లో కొమూనెకి. ఐరోపా సమాఖ్య బయటివారికి ఎవరికి ఇల్లు ఇచ్చినా ఇదే. యూకే స్నేహితులకు ఊరికే తాళం ఇచ్చినా సరే.

ఊరగాయ జాడీ
అద్దెకిస్తే కథ మారుతుంది. సిన్ అనే జాతీయ కోడ్ 2025 జనవరి 1 నుంచి తప్పనిసరి. తలుపు బయటా, ప్రకటనలోనూ కనబడాలి. లేకుండా అద్దెకిస్తే జరిమానా 800 నుంచి 8,000 యూరోలు. గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్లు, 200 చదరపు మీటర్లకొక అగ్నిమాపక సిలిండరు, అంతస్తుకు కనీసం ఒకటి. అతిథుల వివరాలు అల్లొజ్జాతి వెబ్ అనే పోలీసు వెబ్‌సైటులో 24 గంటల్లోపు, ఒక్క రాత్రి బసకైతే 6 గంటల్లోపు. అద్దె మీద చెదొలారె సెక్కా అనే ఒకే రేటు పన్ను 21 శాతం. అది ఇటలీలో కట్టి, యూకే సెల్ఫ్ అసెస్‌మెంట్‌లోనూ చూపించి, కట్టినదానికి మినహాయింపు తీసుకోవాలి.

ఈశాన్యం
అందరికీ ధన్యవాదాలండీ. జూన్ 16 దాటిపోయింది, ఇంకా కట్టలేదు. ఇప్పుడు?

లెక్కల మాస్టారు
నోటీసు రాకముందే కట్టేయండి, రవ్వెదిమెంతో అంటారు. జరిమానా 14 రోజుల్లోపైతే రోజుకు 0.0833 శాతం, 30 రోజుల్లోపు 1.25, 90 రోజుల్లోపు 1.39, ఏడాదిలోపు 3.125 శాతం. దానికి తోడు పన్ను మీద ఆ ఏటి చట్టబద్ధ వడ్డీ రోజుల లెక్కన. మీ 178కి నెల లోపలైతే రెండు యూరోలు పైచిలుకు. కౌసాలెలో రవ్వెదిమెంతో అనే మాట కూడా రాయండి, ఇద్దరూ విడివిడిగా.